తోంగ్‌పెన్‌లా గట్టుమీది సుబేదారు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కడలి యొడ్డున పుట్టి పెరిగినవారికి మంచుకొండల కథ చెప్పుట కొంత కష్టమైన పని. అటు కృష్ణపట్నము మొదలు ఇటు ఇస్కపల్లి ఉప్పుకొఠారుల వరకు ఈ తీరమున ఎత్తు అనిన ఇసుకదిబ్బయే, సరుగుడు తోపే, తాడిచెట్టే. చలి అనిన ధనుర్మాసమున తెల్లవారకముందే వలలు లాగువారు చెవులకు గుడ్డ చుట్టుకొను చలియే. తిరుమల కొండ ఎక్కినవారు ఈ సభలో అనేకులుందురు. ఆ కొండ సముద్రమట్టమునకు సుమారు 2,800 అడుగుల ఎత్తున నున్నది. అట్టి కొండలు అయిదింటిని ఒకదానిపై నొకటి నిలిపినను, నేటి కథ జరిగిన బుమ్‌లా కనుమ ఎత్తునకు చాలవు. ఆ కనుమ 15,000 అడుగులకు పైబడినది. అంత ఎత్తున గాలి పలుచన. బరువు మోయుచు పది అడుగులు నడిచినవాడు నిలిచి రొప్పవలెను. నీరు తక్కువ వేడికే మరగిపోవును గనుక కుండలోని బియ్యము ఎంతసేపటికిని ఉడుకదు. అక్టోబరు మాసము వచ్చుసరికి నేల గడ్డకట్టి, కందకము త్రవ్వు పార ఖంగుమని వెనుకకు ఎగురును.

అట్టిచోట, 1962వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీ ఉదయమున, ఒక సుబేదారును ఆయన చేతిక్రింది కొలదిమంది జవానులును ఒక గట్టును కాచిన వృత్తాంతము నేటి ప్రసంగ విషయము.

ఆ సంవత్సరము శరత్కాలము జ్ఞాపకమున్న పెద్దలు ఇప్పటికిని గ్రామములలో నున్నారు. పత్రిక వచ్చినంతనే గ్రంథాలయము అరుగుమీద ఒకరు చదువుటయు, పదిమంది చుట్టు మూగి వినుటయు ఆనాటి అలవాటు. తవాంగ్, సేలా, బొమ్డిలా అను పేర్లు అంతకుముందు ఆంధ్ర గ్రామములలో ఎవరి నోటను పలికినవి కావు. ఆ నెలరోజులలో అవి పొరుగూరి పేర్లవలె అయిపోయినవి. దేశ రక్షణనిధికి స్త్రీలు మెడలోని గొలుసులు, చేతి గాజులు తీసి యిచ్చిరి. అయినను వచ్చిన వార్తలలో అధికభాగము ఓటమి వార్తలే. ఫలానా స్థావరము పోయినది, ఫలానా పట్టణము విడువవలసి వచ్చినది అనియే చదువవలసి వచ్చెను. ఆ పోయిన స్థావరములలో నిలిచినవారెవరు, ఎట్లు నిలిచిరి అను సంగతి దేశమునకు చాలవరకు తరువాతనే తెలిసినది.

మొదట సుబేదారు అను మాటను గూర్చి కొంచెము చెప్పవలెను. నవాబుల కాలపు చరిత్ర చదివినవారికి సుబేదారు అనిన ఒక సుబా నంతయు ఏలు దొర. సైన్యములోని సుబేదారు అట్టివాడు కాడు. సిపాయిగా చేరి, నాయకు, హవల్దారు అను మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి, తల నెరయు వేళకు ఆ పదవికి వచ్చినవాడు. అధికారి బడిలో చదివి నేరుగా లెఫ్టెనెంటుగా వచ్చు యువకునకును, తుపాకి పట్టిన జవానుకును నడుమ నిలుచు చిన్న అధికారి ఆతడు. ఈ తరగతి అధికారులు భారత ఉపఖండపు సైన్యములకు ప్రత్యేకము. జవానుకు ఇంటినుండి ఉత్తరము వచ్చినను, కాలి బొబ్బ పగిలినను, ధైర్యము జారినను మొదట తెలియునది సుబేదారుకే. పెద్ద సేనాపతుల పేర్లు పుస్తకములకెక్కును గాని, పటాలము నిలుచునదియు చెదరునదియు ఎక్కువభాగము ఇట్టి చిన్న అధికారుల మీదనే.

జోగిందర్ సింగు 1921 సెప్టెంబరు 26వ తేదీన పంజాబులోని మోగా ప్రాంతమున మాహ్లా కలాన్ అను గ్రామములో జన్మించెను. తండ్రి షేర్ సింగు, తల్లి కిషన్ కౌర్. సేద్యమే వారి జీవనము. కలిమి లేని ఇల్లగుటచే పిల్లవాని చదువు మధ్యలో ఆగిపోయెను. 1936 సెప్టెంబరు 28వ తేదీన, పదునైదేండ్లు నిండిన రెండు దినములకు, సిక్కు రెజిమెంటు మొదటి బెటాలియనులో చేరెను. ఇంతవరకు పంజాబు పల్లెలలోని వేలమంది కథయు ఇదే. కాని ఆయన విషయములో ఒక విశేషమున్నది. ఇది గ్రంథాలయ సభ గనుక దానిని ప్రత్యేకముగా చెప్పుట తగును. చదువుకొనవలసిన యీడున చదువులేక పోయిన ఆ కుఱ్ఱవాడు సైన్యములో చేరిన పిమ్మట పట్టుదలతో పుస్తకము పట్టి, సైనిక విద్యాపరీక్షలలో ఉత్తీర్ణుడై, తుదకు తన పటాలములోని జవానులకు చదువు చెప్పు విద్యాబోధకుడుగా నియమింపబడెను. పగలు కవాతు, తీరిక వేళ పలక. తన చేతిక్రింది వానికి అక్షరము నేర్పిన మనిషి ఆజ్ఞ యిచ్చినపుడు ఆ ఆజ్ఞ వినబడు తీరే వేరుగా ఉండును.

రెండవ ప్రపంచయుద్ధమున ఆయన బర్మా రంగమున పనిచేసెను. 1947 అక్టోబరు 27వ తేదీన కాశ్మీరు రక్షణమునకై శ్రీనగరములో విమానములనుండి మొట్టమొదట దిగిన పటాలము ఆయన పటాలమే. ఆ యుద్ధములోను ఆయన పాల్గొనెను. కనుక 1962 నాటికి ఆయన నలువది యొక్కేండ్ల వాడు. ఇరువదియారేండ్ల సేవ గలవాడు. గుండు ధ్వని విని అది ఎంత దూరమునుండి వచ్చినదో చెప్పగలవాడు.

ఆ రెజిమెంటున చేరిన ప్రతి కుఱ్ఱవానికిని ముందుగా చెప్పు కథ యొకటి యున్నది. 1897 సెప్టెంబరు 12వ తేదీన, నేటి పాకిస్తానములోని సమానా కొండలమీద, సారాగఢీ అను చిన్న స్థావరమును 36వ సిక్కు పటాలమునకు చెందిన 21మంది సైనికులు హవల్దారు ఈషర్ సింగు నాయకత్వమున వేలమందికి ఎదురు నిలిచి కాచి, ఒక్కరును మిగులక ప్రాణములిచ్చిరి. జోగిందర్ సింగును ఈ కథ విని పెరిగినవాడే, తన క్రిందివారికి చెప్పినవాడే అయి యుండును. కథలు వినుట వేరు, ఆ కథలోనికి తానే నడచి పోవలసి వచ్చుట వేరు.

ఇక యుద్ధము సంగతి. ఈశాన్య సరిహద్దున 1914లో సిమ్లా సమావేశమున ఏర్పడిన మెక్‌మహన్ రేఖను భారతదేశము తన హద్దుగా పాటించుచుండెను. చైనా దానిని అంగీకరింపలేదు. ఆ ప్రాంతమును ఆనాడు నేఫా అనెడివారు. నేడది అరుణాచల ప్రదేశము. అందు తవాంగ్ అను పట్టణమున ప్రాచీనమైన బౌద్ధ మఠము గలదు. 1959లో దలైలామా టిబెట్టునుండి వచ్చినది ఆ త్రోవనే. తవాంగ్ నుండి ఉత్తరముగా కొండదారి ఎక్కిపోయినచో సరిహద్దున బుమ్‌లా కనుమ. అక్కడ అస్సాం రైఫిల్సు వారి చిన్న ఠాణా యొకటి. దానికి వెనుకగా, తోంగ్‌పెన్‌లా చెంత, దారిని పైనుండి చూచుచు నిలిచిన గట్టు మీద సిక్కు పటాలములోని ఒక ప్లటూను. ఆ ప్లటూను నాయకుడు సుబేదారు జోగిందర్ సింగు.

మన జిల్లాలో కావలి అను పట్టణమున్నది. ఆ మాటకు అర్థము అందరికిని తెలిసినదే. కావలి కాయువాడు శత్రువును ఓడింపవలెనని లేదు. శత్రువు వచ్చినాడని ముందుగా తెలుపుటయు, వెనుకవారు సిద్ధమగు వరకు దారి విడువకుండుటయు ఆతని పని. ఈ సంగతి మనసునందుంచుకొనినగాని తరువాత జరిగినది బోధపడదు.

ఆ ప్లటూను ఉన్న కంపెనీకి నాయకుడు హరిపాల్ కౌశిక్ అను యువ లెఫ్టెనెంటు. ఈ పేరు క్రీడాభిమానులకు తెలిసియుండవచ్చును. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము తెచ్చిన భారత హాకీ జట్టులోని వాడు ఆయన. ఈ యుద్ధము గడచిన రెండేండ్లకు, 1964లో, టోక్యోలో మరల స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఆయన ఆడెను. కర్ర పట్టి ఆడిన చేతులే ఆ అక్టోబరులో ఆ కంపెనీని నడపినవి. అందులకు ఆయనకు వీరచక్రము లభించెను.

అక్టోబరు 20వ తేదీ తెల్లవారుజామున చైనా సేన పడమటివైపున నామ్కాచు నదీలోయలోని భారత స్థావరములపై విరుచుకు పడెను. ఆ లోయను కాచుచున్న బ్రిగేడు ఒక్క పూటలో చెదరిపోయెను. దాని నాయకుడు బ్రిగేడియరు దళ్వీ రెండు దినములకు బందీయయ్యెను. ఆయన నిర్బంధమునుండి తిరిగివచ్చిన పిమ్మట వ్రాసిన ‘హిమాలయన్ బ్లండర్’ అను ఆంగ్ల గ్రంథము ఆనాటి లోపములను దాపరికము లేక చెప్పును. ఏ గ్రంథాలయమైనను తెప్పించుకొనదగినది. లోయ చేజారిన తరువాత శత్రువు చూపు తవాంగ్‌పై పడెను. తవాంగ్‌కు పోవు దారులలో ఒకటి బుమ్‌లా దారి. కనుమకు ఆవలివైపున చైనా సైనికులు గుంపులు గుంపులుగా చేరుచుండుట ముందరి ఠాణావారి కంట పడెను. కౌశిక్ వెంటనే హవల్దారు సుచా సింగు అను నాతనిని కొందరు జవానులతో ఆ ఠాణాకు తోడుగా పంపెను. వెనుక గట్టుమీద జోగిందర్ సింగు తన కందకములను మరల సరిచూచుకొనెను.

ఆయన చేతిలో నున్నదేమి? ప్లటూను అనిన నిండుగా ఉన్నపుడే ముప్పది నలువదిమంది. వారి ఆయుధములు చాలవరకు పాత .303 తుపాకులు. ఒక్కొక్క గుండు పేల్చిన పిమ్మట గడియ లాగి మరల పేల్చవలసిన రకమవి. కొలది తేలిక మరతుపాకులు. ఒంటిమీది బట్టలు, కాలి జోళ్లు ఆ ఎత్తునకు, ఆ చలికి తగినవి కావు. తిండి నాలుగు దినములకు మాత్రమే సరిపడునంత. తూటాలు లెక్కపెట్టి వాడుకొనవలసినన్ని. ఈ కొరతలకు కారకులెవరను చర్చ దేశమున చాలకాలము జరిగినది, జరుగవలసినదే. కాని ఆ గట్టుమీద దానికి తావు లేదు. ఉన్నదానితో ఏమి చేయవచ్చుననునదే అక్కడి ప్రశ్న.

ఆయన చేసినది నేలను చదువుట. అక్షరములను చదువ నేర్చినవాడు అలవాటున నేలనుగూడ చదివెననిన తప్పులేదు. శత్రువు ఏ వాలున ఎక్కి రావలెను, ఎచట దారి యిరుకై వారు గుంపుగా కూడవలసి వచ్చును, ఏ రాతి చాటునుండి చూచిన ఆ యిరుకు అంతయు కనబడును అని చూచి, అందుకు తగినట్లు గోతులు త్రవ్వించి, రాళ్లు పేర్పించి, మరతుపాకులు నిలిపెను. ఉన్న కొలదిపాటి సామగ్రితో ఆయన కట్టుదిట్టము చేసిన ఆ స్థావరమే తరువాత రెండు దెబ్బలకు తట్టుకొని నిలిచినది.

23వ తేదీ ఉదయము 5 గంటల 30 నిమిషములకు బుమ్‌లా దారిపై చైనావారి పెద్ద దాడి ఆరంభమయ్యెను. ముందున్న అస్సాం రైఫిల్సు ఠాణా మొదటి తాకిడికి గురియయ్యెను. అక్కడ జమేదారు ఉదయకుమార్ లింబు తనకున్న కొలదిమందితో నిలిచి పోరాడి మరణించెను. ఆయనకును మరణానంతరము వీరచక్రము ప్రసాదించిరి. ఆ ఠాణా పడిన తరువాత శత్రువునకును తవాంగ్ దారికిని అడ్డము జోగిందర్ సింగు గట్టే.

దాడి చేసినది ఒక పూర్తి బెటాలియను. అది మూడు అలలుగా వచ్చెను. ఒక్కొక్క అలలో సుమారు 200మంది. అల అను మాట ఇక్కడ అలంకారము కాదు, సైనికులు నిజముగా వాడు మాటయే. సముద్రతీరవాసులకు దాని అర్థము ఎవరును చెప్పనక్కరలేదు. మొదటిది విరిగి వెనుకకు జారునపుడే రెండవది దాని వెనుక లేచియుండును.

మొదటి అల ఆ వాలు ఎక్కి వచ్చెను. గట్టుమీదివారు వారిని దగ్గరకు రానిచ్చి కాల్చిరి. ఇరుకున చిక్కినవారు వరుసలుగా కూలిరి. నష్టము బలముగా నుండుటచే దాడి కొంతసేపు నిలిచిపోయెను. వెనుకనుండి భారత పర్వత ఫిరంగుల గుండ్లును శత్రువుపై పడినవి. ఆ విరామములో గట్టుమీద ఏమి జరిగియుండునో ఊహించుకొనవచ్చును: తూటాలు పంచుకొనుట, వేడెక్కిన గొట్టములను చూచుకొనుట, ప్రక్క గోతిలోని వానిని పేరుపెట్టి పిలుచుట, కొందరు పలుకకపోవుట.

కొలది నిమిషములకే రెండవ అల వచ్చెను. దానికిని మొదటిదానికి పట్టిన గతియే పట్టెను. కాని ఈ మారు గట్టుమీదివారు చెల్లించిన వెల పెద్దది. ప్లటూనులో సగముమంది పడిపోయిరి. సుబేదారు తొడకు గుండు తగిలెను. నడువలేని గాయము. అట్టి గాయమైన అధికారిని వెనుకకు తీసికొనిపోవుట సైన్యమున రివాజు; ఎవరును తప్పుపట్టరు. ఆయనను వెనుకకు పంపజూచిరి. ఆయన ఒప్పుకొనలేదు. కట్టు కట్టించుకొని తన చోటనే నిలిచెను.

ఈ నిరాకరణమును వీరోచితమని ఒక్క మాటతో పొగడి విడిచిపెట్టుట సులభము. దానిలోని లెక్కను గూడ చూడవలెను. సగముమంది మిగిలిన ప్లటూనునుండి ఒకరిని మోసికొనిపోవుటకు ఇద్దరు కావలెను. అనగా గోతులలో ముగ్గురు తగ్గుదురు. నాయకుడు కనుచూపు మేరనుండి తొలగినంతనే మిగిలినవారి మనసు వెనుకదారిని వెదకును. ఇరువదియారేండ్లు జవానుల నడుమ బ్రదికినవానికి ఇది తెలియకపోదు. ఆయన నిలిచెను గనుక వారు నిలిచిరి. ఒక్కడును వెనుదిరుగలేదు.

మూడవ అల వచ్చెను. మరతుపాకి పేల్చువాడు పడిపోగా సుబేదారు తానే దాని వెనుక కూర్చుండి కాల్చెను. ఆ మంటకు చాలమంది కూలిరి. అయినను వచ్చువారు ఆగలేదు. పడినవారిని దాటుకొని ఎక్కుచునే యుండిరి. ఇటు తూటాలు అడుగంటినవి. తూటాలు లేని తుపాకి కట్టెతో సమానము. మిగిలినది దాని కొనకు తగిలించు బాయినెట్టు మాత్రమే.

అపుడు చేయదగినవి రెండే: చేతులెత్తుట, లేక గోతిలో కూర్చుండి వచ్చువానికొరకు ఎదురుచూచుట. ఆ మనిషి మూడవదానిని ఎంచుకొనెను. తొడ గాయముతో లేచి, ప్రాణములతో మిగిలిన కొలదిమంది చేత బాయినెట్లు తగిలింపించి, గోతులనుండి బయటికి వచ్చి, ‘జో బోలే సో నిహాల్, సత్ శ్రీ అకాల్’ అను తమ యుద్ధనినాదము చేయుచు, ఎక్కి వచ్చుచున్నవారిపైకి వాలు దిగి ఉరికెను. ఎక్కువారు ఈ దిగువారిని ఎదురుచూచి యుండరు. కొందరు ఆ బాయినెట్ల వాతపడిరి. కాని లెక్క లెక్కయే. పదులమంది వందలమందిలో మునిగిపోయిరి. సుబేదారు తీవ్రముగా గాయపడి శత్రువునకు చిక్కెను.

ఇచట పెద్దలు ఒక ప్రశ్న వేయుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. ఆ గట్టు పోయినది గదా! తవాంగ్ కూడ నిలువలేదు. 24వ తేదీకి దానిని విడిచి వెనుకకు తగ్గవలసి వచ్చెను; 25న చైనా సేన ఆ పట్టణమున ప్రవేశించెను. నవంబరులో సేలాయు బొమ్డిలాయు పోయినవి. నవంబరు 21న చైనాయే కాల్పులు విరమించుచున్నట్లు ప్రకటించి, తరువాత తవాంగ్ ప్రాంతమునుండి వెనుకకు మరలిపోయెను. అట్లయినచో ఆ ఉదయమున ఆ గట్టుమీద చచ్చినవారి చావు దేనికి పనికివచ్చినట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము యుద్ధశాస్త్ర గ్రంథములలో వెదకుట కంటె, పెన్న పొంగిన రాత్రిని గాని, చెరువుకట్ట కోసుకొనిపోవు రాత్రిని గాని తలచుకొనుట మేలు. గండి పడబోవుచోట నలుగురు తాటిమొద్దులు అడ్డువేసి, గోతాలలో మన్ను నింపి వేయుచు నిలుతురు. నీరు తమకంటె బలమైనదని వారికి తెలియును. తెల్లవారులోగా కట్ట తెగవచ్చునని కూడ తెలియును. అయినను వారు నిలుచునది ఏటిని గెలుచుటకు కాదు. పల్లపు ఇండ్లలోని పసిబిడ్డలను, ముసలివారిని, పశువులను మెరకకు చేర్చువరకు నీటిని ఆపుటకు. ఒక గడియ ఆగినను అది కొందరి ప్రాణము. బుమ్‌లా దారిని శత్రువు చకచక దిగివచ్చినచో తవాంగ్‌లోని సేనకు వెనుకకు తగ్గి మరల కూడుకొను వ్యవధి ఇంకను తక్కువై యుండెడిది. యుద్ధమున కాలమును కొనవలసినపుడు దానికి చెల్లు నాణెము ఒక్కటే.

ఇంకొక మాట. శత్రుపక్షపు జవానులును ఎవరో రైతుబిడ్డలే. వారును ఆజ్ఞకు కట్టుబడి ఆ చలిలో ఆ వాలు ఎక్కినవారే. వారిని తూలనాడుట వలన జోగిందర్ సింగు కీర్తి ఒక వీసము కూడ పెరుగదు. అంత గట్టిగా ఎక్కివచ్చినవారిని ఆపెను గనుకనే ఆయన కథ చెప్పుకొనుచున్నారు.

బందీగా చిక్కిన సుబేదారు చైనావారి నిర్బంధములోనే, ఆ గాయముల వలన, ప్రాణములు విడిచెను. ఆ యుద్ధమున చూపిన శౌర్యమునకు పరమవీరచక్రము పొందినవారు ముగ్గురు. లదాఖున సిరిజాప్ స్థావరమును కాచిన మేజరు ధన్‌సింగ్ థాపా చనిపోయెనని మొదట అందరును తలచిరి. తరువాత బందీగా బ్రదికియున్నట్లు తెలిసి ఆయన ఇల్లు చేరెను. రెజాంగ్‌లాను కాచిన మేజరు షైతాన్ సింగు మృతదేహము మంచులో దొరకెను. మూడవవాడు జోగిందర్ సింగు. ఆయన ఇంటికి మనిషి రాలేదు, మేను రాలేదు. 1963 మే 17వ తేదీన చైనావారు ఆయన చితాభస్మమును సైనిక మర్యాదలతో భారత సేనకు అప్పగించిరి. భస్మము మీరట్‌లోని సిక్కు రెజిమెంటు కేంద్రమునకు చేరి, అచటనుండి భార్య గురుదయాళ్ కౌర్ చేతికి వచ్చెను. తాను ఎదిరించిన మనిషి ఎట్టివాడో ఎదుటి పక్షమునకు తెలిసెననుటకు ఆ మర్యాదయే సాక్ష్యము.

పరమవీరచక్రము చిన్న కంచు బిళ్ల. దానిని రూపొందించినది ఐరోపాలో పుట్టి భారతీయ సైనికాధికారిని పెండ్లాడి ఈ దేశమును తన దేశముగా చేసికొన్న సావిత్రీ ఖానోల్కర్. బిళ్లమీద నడుమ రాజముద్ర, చుట్టు నాలుగు ఇంద్రుని వజ్రాయుధములు. వజ్రాయుధము దేనితో చేయబడినదో పురాణము విన్న ప్రతివారికిని తెలియును. దధీచి మహర్షి తన వెన్నెముకను ఇచ్చెను. పంజాబు పల్లెలోని ఇంటికి వచ్చిన ఆ పిడికెడు భస్మము ప్రక్కన ఆ బిళ్లను ఉంచి చూచినపుడు ఆ చిత్రమునకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

ఈ వీరునకును సముద్రమునకును సంబంధమేమని తీరవాసులడుగవచ్చును. సంబంధము తరువాత వచ్చినది. 1980 తరువాతి సంవత్సరములలో భారత నౌకాయాన సంస్థవారు తమ ముడిచమురు నౌకలకు పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టిరి. వానిలో ఒకటి 1984లో ‘సుబేదార్ జోగిందర్ సింగ్’ అను పేరున సముద్రమెక్కినది. ఆ పేరు గల ఓడ ఏండ్ల తరబడి కడలిలో తిరిగెను. 2023 జనవరి 23వ తేదీన అండమాన్ నికోబార్ దీవులలో అంతవరకు పేరులేని 21 పెద్ద దీవులకు 21మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టిరి. వానిలో జోగిందర్ ద్వీపమొకటి. తవాంగ్‌నుండి బుమ్‌లాకు పోవు దారిలో, ఆ గట్టు చెంతనే, ఆయన స్మారకము నిలిచియున్నది. ఆ దారిని పోవువారు బండ్లు ఆపి దిగి నమస్కరించి పోవుదురు.

అంత దూరము పోలేనివారికి ఈ దరి యున్నది. ఇచట రేవున నిలిచి తూర్పుముఖముగా చూచినచో కనబడు నీరు, బంగాళాఖాతము దాటి, ఆ దీవి యొడ్డునకు పోయి తగులు నీరే.